"చూస్తాలే" అనాలా, కసరాలా, తేల్చి చెప్పాలా?

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళందరికీ వచ్చే ఫోన్ ఒకటుంది. అవతల మాట్లాడేది ఎవరో పోల్చుకునేసరికే అర నిమిషం పడుతుంది. ఆడబిడ్డ తోడికోడలి తమ్ముడో, ఎప్పుడో ఒంగోలు పెళ్ళిలో మన పక్కన కూర్చుని భోంచేసినాయనో అయ్యుంటాడు. "అక్కా బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అయ్యాక అసలు సంగతి వస్తుంది. "శుక్రవారం పన్నెండుమందిమి కొండకి వస్తున్నాం. దర్శనం కాస్త చూడాలి. రూము కూడా."

ఈ ఫోన్‌కి మా వీధిలోనే నాలుగు రకాల జవాబులు విన్నాను.

మా ఆయన "చూస్తాలే, మీరు రండి" అంటారు. చూడటానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఇక మూడు రోజులు సిఫార్సు లేఖ కోసం ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగుతారు. దొరక్కపోతే వచ్చినవాళ్ళ ముందు తనే తప్పు చేసినట్టు తలొంచుకుని నిలబడతారు. ఎదురింటాయన రివాజు వేరు. "నేనేమన్నా బోర్డు మెంబరునా? తిరుపతిలో ఉండేవాళ్ళు టికెట్లు జేబులో పెట్టుకుని తిరగతా ఉంటారనుకున్నారా?" అని ఫోన్ పెట్టేస్తారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, కానీ ఆ ఇంటికి చుట్టాల రాకపోకలు తగ్గి చాలాకాలమైంది. పక్కింటావిడ "అయ్యో, తప్పకుండా రండి వదినా" అని తీయగా చెప్పి, శుక్రవారం పొద్దున ఫోన్ స్విచ్చాఫ్ చేస్తుంది.

నాలుగోది నాకు నోట్లోకి రావడానికి పదేళ్ళ పైనే పట్టింది. "తమ్ముడూ, దర్శనం టికెట్లు నేను ఇప్పించలేను. మూడు వందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో చాలా ముందే ఇచ్చేస్తారు. అవి లేకపోతే శ్రీనివాసం దగ్గరో, విష్ణునివాసం దగ్గరో, భూదేవి కాంప్లెక్సులోనో ఉచిత టోకెన్లకి లైన్లో నిలబడాలి. మా ఇంట్లో నలుగురికి చోటుంది, ఒక రాత్రి ఉండండి. మిగతావాళ్ళకి బస్టాండు దగ్గర లాడ్జి చూసుకోండి."

పుస్తకాల భాషలో మొదటిది పాసివ్, రెండోది అగ్రెసివ్, మూడోది పాసివ్ అగ్రెసివ్, నాలుగోది అసర్టివ్. తెలుగులో నేను వీటిని ఒదిగిపోవడం, మీద పడటం, చాటుదెబ్బ, తేల్చి చెప్పడం అంటాను. తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళు కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులు చెప్పాను. అప్పట్లో బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఈ చివర పాసివ్, ఆ చివర అగ్రెసివ్, సరిగ్గా నడుమ అసర్టివ్ అని రాసేదాన్ని. పిల్లలు అదే రాసుకుని మార్కులు తెచ్చుకున్నారు. ఆ గీత తప్పని ఇప్పుడనిపిస్తుంది. కాఫీలో చక్కెర తగ్గించినట్టు కోపం ఒక చెంచా తగ్గించుకుంటే అది తేల్చి చెప్పడం అయిపోదు. పై నాలుగు జవాబులూ మళ్ళీ చూడండి. మొదటి మూడింటిలోనూ అడిగినవాడికి పనికొచ్చే సంగతి, అంటే నా వల్ల ఏమవుతుంది, ఏం కాదు అన్నది చేరనే లేదు. మా ఆయన దాన్ని దాచిపెట్టారు. ఎదురింటాయన తిట్టులో చుట్టి విసిరారు. పక్కింటావిడ దాంతోసహా మాయమైపోయింది. నా సంగతి నేను పూర్తిగా చెప్పి, ఎదుటివాడి సంగతి వాడికే వదిలేయడం, నాకు తెలిసినంతలో అసర్టివ్ అంటే ఇంతే. నా జవాబు విని ఒంగోలు తమ్ముడు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోవడం అతని హక్కు, దాన్ని ఆపే పూచీ నాది కాదు.

ఈ విభజన మన దగ్గర పుట్టింది కాదు. 1949లో ఆండ్రూ సాల్టర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, మనసులో ఉన్నది పైకి చెప్పలేక నలిగిపోయేవాళ్ళకి చెప్పడాన్నే చికిత్సగా నేర్పాలన్నాడు. 1958లో దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే దానికి కారణం చూపించాడు. భయం, నిబ్బరంగా చెప్పే మాట, ఈ రెండూ ఒకే ఒంట్లో ఒకేసారి నిలవలేవు కాబట్టి రెండోది అలవాటయ్యేకొద్దీ మొదటిది సడలుతుందట. 1970లో రాబర్ట్ ఆల్బర్టి, మైకేల్ ఎమ్మన్స్ దీన్ని వైద్యుల గదిలోంచి మామూలు జనం మధ్యకి తెచ్చి, నీకెంత హక్కుందో ఎదుటివాడికీ అంతే ఉందన్న మాట గట్టిగా పట్టుకున్నారు. చాటుదెబ్బకి పాసివ్ అగ్రెసివ్ అన్న పేరు పుట్టింది మాత్రం సైన్యంలో. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, అమెరికా సైనిక వైద్యుడు విలియం మెన్నింగర్ కొందరు సైనికుల తీరుకి ఆ పేరు పెట్టాడు. ఆజ్ఞని ఎదిరించరు, కానీ ముఖం ముడుచుకుంటారు, పని సాగదీస్తారు, చేసినా చెడగొడతారు. మన ఆఫీసుల్లో "సరే సార్" అని ఫైలుని అడుగున పెట్టేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

మీరు ఏ రకమో తెలుసుకోవాలంటే ఒకరోజు మీ మాటల్లో ఎన్ని "లే"లు పడ్డాయో లెక్కపెట్టండి. చూస్తాలే, కానీలే, పర్లేదులే, తర్వాత మాట్లాడదాంలే. ఆ అక్షరం మీద నాకేం కోపం లేదు. గ్లాసు పగలగొట్టి బిక్కమొహం వేసిన పిల్లవాడితో "పోనీలే" అన్నప్పుడు అందులో ఎంత దయ ఉంది! లోపల పోనివ్వకుండా పైకి పోనీలే అన్నప్పుడే చిక్కు. అది అప్పు కింద లెక్క. వడ్డీ కట్టేది మాత్రం వేరేవాళ్ళు: బయట పదిమందికి పోనీలే అన్న మనిషి సాయంత్రం ఇంటికొచ్చి సాంబారులో ఉప్పు ఎక్కువైందని పెళ్ళాం మీద గిన్నె విసురుతాడు. ఒదిగిపోయేవాళ్ళు మెత్తనివాళ్ళని అందరూ అనుకుంటారు గానీ, వాళ్ళింట్లోవాళ్ళని అడిగి చూడండి.

మీద పడేవాళ్ళ గుర్తు గొంతు పెద్దదవడం ఒక్కటే కాదు. మెల్లగా మాట్లాడుతూ కూడా మీద పడొచ్చు. "ఎప్పుడూ ఇంతే", "ఏనాడైనా చేశావా", "మీవాళ్ళంతా" అనే మాటలు మొదలయ్యాయంటే విషయం చేజారి మనిషి చిక్కినట్టు. చిత్తూరు వైపు గొడవ ముదిరితే వచ్చే మాట మీకు తెలిసిందే: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెప్పినవాడు బాగుపడడన్న నమ్మకాన్ని నేను తప్పుపట్టను. మా తాత కూడా ఆ గుడి మెట్ల దగ్గర ఒక పొలం తగాదా తీర్చుకొచ్చినవాడే. కానీ మూడు వేల రూపాయల చేబదులు దగ్గర ఆ మాట తీశారనుకోండి, డబ్బు సంగతి అటకెక్కి, నువ్వు దొంగవా కాదా అన్నదే మిగులుతుంది. అతను ప్రమాణం చేసినా మూడు వేలు రావు, చేయకపోయినా రావు. "మామా, సంక్రాంతికి ఇస్తానన్నావు, ఉగాది దాటింది. ఈ నెలలో ఎంత ఇవ్వగలవు, ఏ తారీకు ఇస్తావు?" అని అడిగితే కనీసం వెయ్యి రూపాయలైనా కదులుతాయి.

తిట్టడానికి మా ఊరు ఏడాదికి ఒక వారం ఇచ్చింది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎదురుపడ్డవాళ్ళని బూతులు తిడతారు, పడ్డవాళ్ళు నవ్వుతూ పోతారు. ఆడవాళ్ళని చెరబట్టిన పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, దొర వేషంలో పట్టుకుని తల నరికిందని కథ. లోపల ఉన్నదంతా కక్కేయడానికి అంతటి ఏర్పాటు ఇంకే ఊళ్ళో ఉందో నాకు తెలియదు. వేషం విప్పాక మాత్రం ఆ అనుమతి చెల్లదు.

నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన చోట ఒక సంవత్సరం నాలుగు నెలలు జీతాలు ఆగిపోయాయి. నేను నోరెత్తలేదు. ఆఫీసువాళ్ళు ఎదురుపడినప్పుడల్లా "వస్తాయిలే మేడమ్" అంటే, "వస్తాయిలే సార్" అని నేనే వాళ్ళని ఓదార్చాను. ఆ నాలుగు నెలలూ ఇంటి అద్దె మా అమ్మ గాజుల మీద నడిచింది. మెకానికల్ డిపార్ట్‌మెంటులో ఒక కుర్రాడు ఆఫీసు గదిలోకి దూసుకెళ్ళి బల్ల గుద్దాడు. కారిడార్‌లో మేమందరం లోలోపల చప్పట్లు కొట్టాం. వారం తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది. అతన్ని తీసేయడానికి వాళ్ళకి జీతం ఊసే అక్కర్లేదు, బల్ల గుద్దడం ఒక్కటే చాలింది. ఇంగ్లీషు చెప్పే ఒకావిడ ఏ నెలకి ఎంత రావాలో, ఏ తారీకున ఎవరిని అడిగితే ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసింది. "నాకు ఫలానా తేదీలోపు రెండు నెలలవైనా కావాలి, లేకపోతే ఈ సెమిస్టర్ అయ్యాక నేను ఉండలేను" అని సంతకం పెట్టి ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుంది. ఆమెకి రెండు నెలల జీతం వచ్చింది. దానితోపాటు ప్రతి శనివారం ల్యాబ్ డ్యూటీ కూడా పడింది. తేల్చి చెప్తే ఖర్చు ఉండదని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆమెకి పడిన ఖర్చు శనివారాలు. మాకు గాజులు, ఆ కుర్రాడికి ఉద్యోగం. తూకం వేస్తే శనివారాలే చవక.

ఆమె చేసినదాన్ని విడదీసి చూస్తే మాట ఎలా కట్టాలో తెలుస్తుంది. జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా చెప్పింది. తనకేమవుతోందో చెప్పింది. కచ్చితంగా ఏం కావాలో అంకెతో, తేదీతో అడిగింది. కాకపోతే తనేం చేస్తుందో చెప్పింది. అది బెదిరింపు కాదు, ఎందుకంటే చెప్పింది నిజంగా చేయబోయే పనే, అదీ తన చేతిలో ఉన్న పనే. చేయని పని చెప్పి ఊరుకుంటే రెండోసారి మీ మాటకి విలువుండదు.

ఇంగ్లీషు క్లాసుల్లో "ఐ" తో మొదలుపెట్టండి, "యు" తో వద్దు అని నేర్పుతారు. దాన్ని అలాగే దించుకుని "నేను హర్ట్ ఫీలవుతున్నాను" అంటే మన చెవికి సీరియల్ డైలాగులా ఉంటుంది. మన వ్యాకరణంలో దీనికి ముందే ఒక దారి ఉంది. "నాకు కోపం వచ్చింది", "నాకు కష్టంగా ఉంది" అంటాం. కోపం ఎక్కడి నుంచో వచ్చిన చుట్టంలాగా మన గడపలో నిలబడుతుంది, నేరం ఎవరి మీదా పడదు. "నువ్వు నన్ను కోపగించుకునేలా చేశావు" అనేది మన మాటే కాదు. కాబట్టి "నాకు" తో మొదలుపెట్టండి చాలు. "నాకు రాత్రి పదకొండు తర్వాత పాటలు వినపడితే నిద్ర పట్టదు, హెడ్‌ఫోన్ పెట్టుకో" అని బాలాజీ కాలనీ హాస్టల్లో రూమ్మేట్‌కి చెప్పడానికి ఇంతకన్నా తంతు అక్కర్లేదు.

అడిగినవాడు వినకుండా మళ్ళీ మళ్ళీ అడిగితే, కొత్త కారణాలు వెతక్కండి. ప్రతి కొత్త కారణమూ వాడికి పట్టుకోవడానికి ఒక కొమ్మ. "ఆ రోజు మా పాపకి పరీక్ష" అంటే "పరీక్ష అయ్యాకే వస్తాం" అంటారు. 1970లలో మాన్యుయెల్ స్మిత్ అనే మనస్తత్వవేత్త దీన్ని అరిగిన రికార్డు అన్న పేరుతో నేర్పాడు: ఒకే వాక్యం, అదే గొంతుతో, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. "నేను ఇప్పించలేను తమ్ముడూ." "అవును, దూరం నుంచి వస్తున్నారు, నిజమే. నేను ఇప్పించలేను." మూడోసారి దాటి అడిగినవాళ్ళు నాకు తక్కువ.

పుస్తకాలు చెప్పే మరో సలహాని మాత్రం మన దగ్గర కాస్త మార్చుకోవాలి. కళ్ళలోకి సూటిగా చూడమంటారు. మా పెద్దమామ ముందు నేను అలా చూస్తే, నేను చెప్పేది ఎంత సబబైనా "ఏందిమ్మా, కండ్లు పైకెత్తి మాట్లాడతా ఉండావు?" అన్నదే చర్చ అవుతుంది. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "మీరు" అంటూనే, "మామయ్యా, ఈసారి చీటీకి నేను పూచీ పెట్టలేను" అనొచ్చు. మర్యాద వాక్యం చుట్టూ ఎంతైనా ఉండనివ్వండి. "లేను" అన్న క్రియ మాత్రం నానకూడదు. ఇక్కడ ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఇదే వాక్యం మా మరిది అంటే "ఖచ్చితమైన మనిషి" అంటారు, నేనంటే "నోరు పెద్దది" అంటారు. ఇద్దరమూ ఒకే తప్పు, లేదా ఒకే ఒప్పు చేశామని గుర్తుపెట్టుకోవడం తప్ప దీనికి నా దగ్గర మందు లేదు.

మరి ఎప్పుడూ తేల్చి చెప్పడమే సరైనదా అంటే, కాదు. ఎంచుకునే ముందు నేను రెండు సంగతులు చూస్తాను. ఈ మనిషితో రేపు మళ్ళీ పనుందా? ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయే వీలు నాకుందా?

రేపు పనిలేని మనిషి, ఈ రోజు తాగి ఉన్నాడు, బస్సులో పక్క సీట్లో పడి వాగుతున్నాడు. ఒదిగిపోండి, సీటు మారండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో జీపు నడిపేవాడికి మర్యాద నేర్పాల్సిన సమయం అది కాదు, దిగాక చెప్పొచ్చు. చావింట్లో ఎవరో తూలనాడితే ఆ పదకొండు రోజులూ వినపడనట్టు ఉండటం పిరికితనం కిందకి రాదు. తెలిసి ఎంచుకున్న మౌనం వేరు, గొంతు పెగలక మిగిలిపోయిన మౌనం వేరు. రాత్రి పడుకున్నాక మీకే తెలుస్తుంది: మొదటిది నిద్రపోనిస్తుంది, రెండోది అనలేకపోయిన మాటలన్నీ తెల్లారేదాకా వల్లె వేయిస్తుంది.

రద్దీలో ఎవడైనా చేయి వేస్తే "దయచేసి నాకు ఇబ్బందిగా ఉంది" అనక్కర్లేదు. అరవండి. చుట్టూ జనం తిరిగి చూసేలా మీద పడటమే అక్కడ సరైన పని. మా అమ్మాయికి ఇదే చెప్పాను. ఇంట్లో చేయి చేసుకునే మనిషి ఉన్నచోట కూడా వాక్యాలు ఎలా కట్టాలన్న పాఠం పనికిరాదు. నిబ్బరంగా చెప్పిన మాటే అక్కడ ఇంకో దెబ్బకి కారణం కావచ్చు. ముందు క్షేమంగా ఉండే చోటు, తోడు నిలిచే మనిషి కావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రమాదం మీద పడితే 112.

లేచి వెళ్ళిపోయే వీలు గురించి మా పెదనాన్న కొడుకు నాకు కళ్ళు తెరిపించాడు. 2025 సీజన్లో తోతాపురి మామిడికాయకి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. మావాడు ట్రాక్టరు నిండా కాయ వేసుకుని ఒక ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రోజులు క్యూలో ఉన్నాడు. గేటు దగ్గర మనిషి ఎనిమిది కన్నా తక్కువ రేటు చెప్పాడు. మావాడు అరవలేదు, బతిమాలలేదు. "అన్నా, చెప్పింది ఎనిమిది. నాకు ఎనిమిదే కావాల. తక్కువంటే అదే కాగితం మీద రాసియ్యి" అన్నాడు. నా క్లాసులో అయితే పదికి పది మార్కులు. గేటాయన "యాడికి పోతావో పో సామీ" అని నవ్వాడు. పండిపోతున్న కాయకి వాదించే తీరిక ఉండదు. నాలుగోరోజు మావాడు గేటాయన చెప్పిన రేటుకే దించి వచ్చాడు. అది ఓటమని నేననను. అతని చేతిలో లేనిదల్లా ఎదురుచూసే సమయం, మాట నైపుణ్యం కాదు. తర్వాత అదే వరసలో నిలబడ్డ రైతులు పదిహేను మంది కలిసి, ఎవరి ట్రాక్టరు ఎన్ని రోజులు ఆగింది, ఎంత కాయ పోయింది అని జాబితా రాసి ఉద్యానశాఖ అధికారి బల్ల మీద పెట్టారు. అప్పుడు ఫోన్లు కదిలాయి. ఒక్కడిగా తేల్చి చెప్పగలిగేది కాలు కిందపెట్టడానికి కాస్త నేల ఉన్నప్పుడే. లేనప్పుడు ముందు పక్కవాళ్ళని కూడగట్టుకోవాలి.

ఇవన్నీ చదివి రేపే పెద్దమామతో మొదలుపెట్టొద్దు. గుండె దడదడలాడుతుంది, గొంతు వణుకుతుంది, సగంలో "లే" వచ్చి కూర్చుంటుంది. పెద్దగా పోయేదేమీ లేనిచోట నోటిని తిప్పండి. టిఫిన్ సెంటర్లో చల్లారిన ఇడ్లీ వస్తే వేడిది అడగండి. ఆటో ఎక్కకముందే లీలామహల్ సర్కిల్‌కి ఎంతో తేల్చుకోండి. కూరగాయలామె ఒక పుచ్చువంకాయ వేస్తే తీసి పక్కన పెట్టండి, చిరాకు పడకుండా, క్షమాపణలు చెప్పకుండా.

నేను పోయినవారం టైలరు దగ్గర మొదలుపెట్టాను. గాంధీ రోడ్డు సందులో కుట్టే అమ్మాయి, పదేళ్ళ నుంచి తనే కుడుతోంది. జాకెట్టు బల్ల మీద పెట్టి, "నాకు చేయి బిగుతుగా ఉందమ్మా, అర అంగుళం విప్పి ఎల్లుండికి ఇయ్యి" అన్నాను. దారిలో రెండుసార్లు వల్లె వేసుకున్న వాక్యమది.

ఆ పిల్ల టేపు తీసి చేయి కొలిచింది. "అవునక్కా, అర అంగుళం తక్కువే. ఇవే కొలతలతో పోయిన దీపావళికి నాలుగు కుట్టినా గదా, అవి సరిపోయినాయా?"

నాలుగూ బీరువాలో ఉన్నాయి.

"అవీ తెస్తాను" అన్నాను.